మొదటి పిలుపుకే ఎందుకంత ఆలస్యం?

గత ఆగస్టులో మా తెలుగు బడి రిజిస్ట్రేషన్లు మొదలైన రోజు పొద్దున ఆరున్నరకి ఫోన్ మోగింది. అవతల ఒక పాప వాళ్ళ నాన్నగారు. "ఏమీ అనుకోకండమ్మా, పొద్దున్నే ఫోన్ చేస్తున్నాను. మా పాప ఫీజు రెండుసార్లు కట్ అయిందండీ. బటన్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. నొక్కడం పట్టలేదేమో అనుకుని మళ్ళీ నొక్కాను" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఇంకా సిగ్గనిపించింది.

మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మాది ఆదివారాలు అద్దె గదుల్లో నడిచే చిన్న బడి. పాఠం చెప్పేవాళ్ళ దగ్గర్నుంచి కుర్చీలు సర్దేవాళ్ళ దాకా అందరూ వాలంటీర్లే. పిల్లల నమోదు, హాజరు, ఫీజుల లెక్క చూసే వెబ్‌సైట్‌ని ఒక అన్నయ్యగారు రాసిపెట్టి, ఉద్యోగం మారి సియాటిల్ వెళ్ళిపోతూ పాస్‌వర్డులు నా చేతిలో పెట్టారు. నేను ఉద్యోగం చెయ్యను. బీఎస్సీ అయ్యాక, పెళ్ళికి ముందు, అమీర్‌పేటలో నాలుగు నెలలు డాట్‌నెట్, ఎస్‌క్యూఎల్ సర్వర్ నేర్చుకున్నాను. ఆ ఒక్క అర్హతతోనే ఆ సైట్ నా పాలబడింది.

ఫీజు రెండుసార్లు పడటం అదే మొదలు గానీ, నెమ్మది అనే ఫిర్యాదు పాతదే. ప్రతి ఆదివారం హాజరు పేజీ తెరిచే మొదటి టీచరుకి ఇదే కథ. మొదటి క్లిక్‌కి కాఫీ కలుపుకుని రావొచ్చు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి మాత్రం టక్కున తెరుచుకుంటుంది.

ఆ వారం కమిటీ కూర్చుంది. మా కమిటీలో పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఆయన కోడ్ చూసి తేల్చి చెప్పారు. "అన్నీ స్టోర్డ్ ప్రొసీజర్లే వాడారు కదండీ. అవి ప్రీకంపైల్డ్. కోడ్‌లో లోపం లేదు. మెషీన్ చాలడం లేదు, పెద్దది తీసుకుందాం." ఇప్పుడు నెలకి 45 డాలర్లు కడుతున్నాం. పెద్దదానికి 160. ఏడాదికి 1380 డాలర్లు ఎక్కువ. ఆ డబ్బుతో చిన్న తరగతుల వాచకాలు అచ్చు వేయించుకోవచ్చు. నాకు మనసొప్పక "రెండు వారాలు ఆగండి, నేను ఒకసారి చూస్తాను" అన్నాను. సరేనన్నారు. నమ్మకంతో కాదు, మొహమాటంతో.

అమీర్‌పేట నోట్సులో ఉన్న మాట

ఇంటికొచ్చి మా వారిని అడిగాను. "స్టోర్డ్ ప్రొసీజర్ ఎందుకు వేగంగా ఉంటుందండీ?" ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే "ప్రీకంపైల్డ్ కదా" అన్నారు. నా దగ్గరున్న అమీర్‌పేట జిరాక్స్ నోట్సులోనూ అదే మాట, కింద గీత గీసి మరీ ఉంది. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న రాకుండా ఉండదని మా సారు చెప్పేవారు. మనవాళ్ళలో ఎన్ని వేలమంది ఆ జవాబు అప్పజెప్పి ఉంటారో!

మరి ముందే కంపైల్ అయి ఉంటే మొదటి పిలుపుకి ఆలస్యం దేనికి? ఆ రాత్రి నా లాప్‌టాప్‌లో ఒక చిన్న పరీక్ష చేశాను. డేటాబేస్‌లో లేనే లేని టేబుల్ పేరు పెట్టి ఒక ప్రొసీజర్ రాశాను. ముందే కంపైల్ చేసేదైతే అక్కడే పట్టుకోవాలి కదా! సర్వర్ కిక్కురుమనకుండా "కమాండ్ పూర్తయింది" అంది. దాన్ని పిలిచినప్పుడు గానీ "అలాంటి టేబుల్ లేదు" అని చెప్పలేదు.

అంటే రాసిపెట్టినప్పుడు సర్వర్ చూసేది వాక్యనిర్మాణం సరిగ్గా ఉందా లేదా అన్నంతవరకే. ఆ పాఠాన్ని అలాగే భద్రపరుస్తుంది. అసలు పని మొదటిసారి పిలిచినప్పుడు మొదలవుతుంది.

మరి నోట్సులో మాట అబద్ధమా? కాదు, పాతబడింది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మొదట 1989లో సైబేస్‌తో కలిసి వచ్చింది. 6.5 వెర్షన్ వరకూ ప్రొసీజర్ తయారుచేసినప్పుడే సగం కంపైల్ చేసిన రూపాన్ని ఒక సిస్టమ్ టేబుల్‌లో దాచేది. అప్పటికి మన జవాబు నిజమే. 1998లో వచ్చిన 7.0 వెర్షన్‌తో ఆ పద్ధతి మారిపోయింది. అప్పట్నుంచీ ప్రొసీజర్ కూడా మామూలు క్వెరీలాగే నడిచేటప్పుడే కంపైల్ అవుతుంది. పద్ధతి మారినా జవాబు మారలేదు. జిరాక్స్ మీద జిరాక్స్‌గా అమీర్‌పేట నుంచి అమెరికా దాకా వచ్చింది. ఇప్పుడు మా బడి చేత 1380 డాలర్లు ఖర్చు పెట్టించబోతోంది.

2014 వెర్షన్ నుంచి మెమరీలోనే ఉండే టేబుళ్ళ కోసం నిజంగానే ముందుగా కంపైల్ చేసే ప్రత్యేక ప్రొసీజర్లు వచ్చాయి. అవి వేరే జాతి. మనం రోజూ రాసేవి అవి కావు.

మొదటి పిలుపులో లోపల ఏం జరుగుతుంది?

మనం ఎస్‌క్యూఎల్‌లో "ఈ ఏడాది మూడో తరగతిలో ఖాళీలున్నాయా? ఈ ఇంటి నుంచి ఇంకో పిల్ల ఇప్పటికే చేరిందా?" అని అడుగుతాం. ఏం కావాలో చెబుతాం గానీ ఎలా తేవాలో చెప్పం. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో రాసిన వ్యాసంతో మొదలైన ఆలోచన ఇది. ఆ దారిలోనే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బోయిస్ 1974లో ఇప్పటి ఎస్‌క్యూఎల్‌కి మూలమైన భాషని ప్రకటించారు.

ఎలా తేవాలో మనం చెప్పకపోతే ఇంకెవరో తేల్చాలి కదా! ఏ టేబుల్ ముందు తెరవాలి, ఏది తర్వాత, ఇండెక్స్ వాడాలా, మొత్తం చదివెయ్యాలా? మా నమోదు ప్రొసీజర్ 7 టేబుళ్ళని కలుపుతుంది. ఏడింటిని ఒకదాని తర్వాత ఒకటి తెరిచే వరసలే 5040. ఒక్క టేబుల్ పెరిగి 8 అయితే 40,320. అన్నీ ప్రయత్నించి చూసే తీరిక ఎవరికీ లేదు. అందుకని ఒక్కో దారికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేసి, బాగున్నదాన్ని ఎంచుకుంటుంది. ఆ అంచనా వేసే పద్ధతిని ఐబీఎం పరిశోధకురాలు ప్యాట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు 1979లో ఒక పత్రంలో వివరించారు. నేటి డేటాబేస్‌లలో చాలావాటికి దారి అక్కడే పడింది.

అలా ఎంచుకున్న దారినే ప్లాన్ అంటారు. ప్లాన్ వెయ్యడానికి టైం పడుతుంది కాబట్టి, ఒకసారి వేశాక సర్వర్ దాన్ని మెమరీలో ఉంచుకుంటుంది. రెండో పిలుపు నుంచి ఆ ప్లానే నడుస్తుంది. ప్రొసీజర్ వేగం రహస్యం ఇదే. ముందే సిద్ధంగా ఉండటం కాదు, ఒకసారి చేసింది దాచుకోవడం. పైగా దాచేది మెమరీలోనే. సర్వర్ ఆగి మళ్ళీ మొదలైతే ప్లాన్ పోతుంది. మెమరీ ఇరుకైనా, టేబుల్ మారినా పోవచ్చు. అప్పుడు ఎవరు ముందు పిలిస్తే వాళ్ళే మళ్ళీ మొదటివాళ్ళు.

మొదటి పిలుపుకి ఇంకో బరువు కూడా ఉంది. కావలసిన డేటా అప్పటికింకా డిస్క్ మీదే ఉంటుంది. దాన్ని మెమరీలోకి తెచ్చుకోవాలి. కొత్తింట్లో మొదటిరోజు వంటలాంటిది. ఏ డబ్బాలో ఏముందో వెతుక్కోవాలి, ఏది ముందు పొయ్యి ఎక్కించాలో చూసుకోవాలి. మర్నాటికి చేతులే వెళ్తాయి.

బడి డేటా కాపీ ఒకటి నా లాప్‌టాప్‌లో పెట్టి, ప్లాన్లనీ మెమరీలోని డేటానీ తుడిచేసే ఆదేశాలు ఇచ్చి, నమోదు ప్రొసీజర్‌ని పిలిచి చూశాను. (నడుస్తున్న సర్వర్ మీద ఆ ఆదేశాలు ఇవ్వకండి. అందర్నీ మొదటివాళ్ళని చేసినట్టే.) "సెట్ స్టాటిస్టిక్స్ టైమ్ ఆన్" అని ముందు రాస్తే కంపైల్‌కి ఎంత పట్టిందో, నడవడానికి ఎంత పట్టిందో సర్వరే విడివిడిగా చెబుతుంది. మొదటి పిలుపు రెండూ కలిపి ముప్పాతిక సెకను. రెండోది ఆ సెకనులో యాభయ్యో వంతు కూడా లేదు. తేడా బ్రహ్మాండంగానే ఉంది.

కానీ పాప వాళ్ళ నాన్నగారు ఆగింది ముప్పాతిక సెకను కాదు. సుమారు 20 సెకన్లు. మిగతా 19 ఎక్కడికి పోయాయి?

రాత్రిపూట ప్రయోగం

కాలేజీ ల్యాబ్‌లో మా మేడం ఒక మాట పదే పదే చెప్పేవారు: ఒకసారికి ఒక్కటే మార్చు, మిగతావన్నీ కదలకుండా పట్టుకో. పిల్లలు పడుకున్నాక పాత నోటుపుస్తకం ఒకటి తీశాను. మార్చేది ఒక్కటే: రెండు క్లిక్‌ల మధ్య ఖాళీ. 2 నిమిషాలు, 6 నిమిషాలు, 10 నిమిషాలు, 40 నిమిషాలు. కోడ్‌లో రెండుచోట్ల స్టాప్‌వాచ్ పెట్టాను. కనెక్షన్ తెరవడానికి ఎంత, ప్రొసీజర్‌కి ఎంత. మొత్తం ఎంత పట్టిందో వెబ్ సర్వర్ లాగ్‌లో ఎలాగూ పడుతుంది. మధ్యలో సెర్చ్ ఇంజిన్ల రోబోలు వచ్చి సైట్‌ని తట్టిన రీడింగులు కొట్టేశాను. ఇలా ఆరు రాత్రులు.

2 నిమిషాల ఖాళీకి అర సెకను లోపే. 10 నిమిషాలకి 6 సెకన్లు. 40 నిమిషాలకి 20 సెకన్లు. మెట్లు మెట్లుగా పెరుగుతోంది. మెషీన్ బలం చాలకపోతే ఇలా రాదు. అప్పుడు జనం ఎక్కువైనప్పుడు నెమ్మదించాలి. ఇక్కడ జనం లేనప్పుడు నెమ్మదిస్తోంది. అంటే ఏదో నిద్రపోతోంది. ఒకటి కాదు, కనీసం రెండు.

6 నిమిషాల దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ఒకసారి అర సెకను, ఇంకోసారి 6 సెకన్లు. అదే పేజీ, అదే ఖాళీ, రెండు జవాబులు. నా కొలతలోనే తప్పుందేమో అనుకున్నాను.

దాంతో నాలుగో రాత్రి సర్వర్‌లోకి వెళ్ళి, మేనేజ్‌మెంట్ స్టూడియోలో మా డేటాబేస్ మీద ఒక క్వెరీ విండో తెరిచి, దగ్గరుండి చూద్దామని కూర్చున్నాను. విచిత్రం! 10 నిమిషాల ఖాళీ ఇచ్చినా 6 సెకన్లు పట్టలేదు. టక్కున వచ్చేసింది. విండో మూసి మళ్ళీ చూస్తే 6 సెకన్లు. తెరిస్తే లేదు. చుట్టాలొస్తే మా చిన్నాడు బుద్ధిమంతుడైపోతాడు, వాళ్ళు గడప దాటగానే సోఫా ఎక్కుతాడు. అచ్చం అలాగే ఉంది.

అప్పుడు వెలిగింది. నేను విండో తెరిచి ఉంచడమంటే డేటాబేస్‌కి ఒక కనెక్షన్ పట్టుకుని ఉండటమే. ఒక్క కనెక్షన్ ఉన్నా అది మేలుకుని ఉంటోంది. ఆఖరిది కూడా పోతే పడుకుంటోంది. సర్వర్ ఎర్రర్ లాగ్ తెరిచి చూశాను. "స్టార్టింగ్ అప్ డేటాబేస్" అని మా డేటాబేస్ పేరుతో రోజుకి పదుల సార్లు. సర్వర్ మాత్రం రెండు నెలలుగా రీస్టార్ట్ అవ్వనే లేదు.

ఇరవై సెకన్ల లెక్క

మేం వాడేది ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019, ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో "ఆటో క్లోజ్" అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే చివరి కనెక్షన్ పోగానే డేటాబేస్‌ని మూసేసి, అది వాడుకుంటున్న వనరులు వదిలేస్తుంది. మళ్ళీ ఎవరైనా వస్తే తెరుస్తుంది. పెద్ద ఎడిషన్లలో ఇది మొదట్నుంచీ ఆఫ్. ఎక్స్‌ప్రెస్‌లో ఆన్. ఒక్కడి కంప్యూటర్‌లో అప్పుడప్పుడూ వాడుకునేవాళ్ళకి అది సౌకర్యమే. వెబ్‌సైట్‌కి పెట్టేటప్పుడు మనం మార్చుకోవాలి. మేం మార్చుకోలేదు. తప్పు మాదే. డేటాబేస్ మూతపడినప్పుడు దాని డేటా మెమరీలోంచి పోతుంది, ప్లాన్లూ పోతాయి. అందుకే ప్రతి తెరుపు తర్వాతా ప్రొసీజర్‌కి అది మళ్ళీ మొదటి పిలుపే.

మరి 6 నిమిషాల చిక్కు? డాట్‌నెట్‌లో మనం కనెక్షన్ మూసినా అది నిజంగా పోదు. కనెక్షన్ తెరవడమంటే చెయ్యి కలపడం, రహస్య సంకేతాలు మార్చుకోవడం, లాగిన్, ఇలా చాలా పని. ఆ పనంతా ప్రతిసారీ చెయ్యకుండా కనెక్షన్లని ఒక పూల్‌లో దాచి మళ్ళీ వాడుతుంది. పనిలేకుండా ఉన్నవాటిని సుమారు 4 నుంచి 8 నిమిషాల తర్వాత తీసేస్తుంది. కచ్చితంగా ఇన్ని నిమిషాలని లేదు. మా 6 సరిగ్గా ఆ మధ్యలో పడింది. ఒక్కోసారి కనెక్షన్ ఇంకా ఉంది, ఒక్కోసారి అప్పటికే పోయింది. నా కొలత తప్పు కాదు. నోటుపుస్తకంలో ఆ పేజీ చింపనందుకు ఆ రాత్రి చాలా సంతోషించాను.

ఇక రెండో నిద్ర. మా సైట్ నడిచేది విండోస్ వెబ్ సర్వర్ ఐఐఎస్ మీద. 20 నిమిషాలు ఎవరూ రాకపోతే అది అప్లికేషన్‌నే ఆపేస్తుంది. అదీ మార్చుకోగలిగిన సెట్టింగే. ఎవరో రాగానే మళ్ళీ మొదట్నుంచి లేపాలి. దానికి తోడు ఎవరున్నా లేకున్నా ప్రతి 1740 నిమిషాలకి, అంటే 29 గంటలకి, ఒకసారి తాజాపరుచుకుంటుంది. 24 కాకుండా 29 కాబట్టి ఆ సమయం రోజుకి 5 గంటలు జరుగుతూ ఉంటుంది. "నిన్న మధ్యాహ్నం కూడా ఒకసారి నెమ్మదించింది" అని టీచర్లు అప్పుడప్పుడు చెప్పేది ఇదేనేమో!

మొత్తం లెక్క ఇలా తేలింది. అప్లికేషన్ నిద్రలేవడానికి సుమారు 13 సెకన్లు. డేటాబేస్ తెరుచుకుని కనెక్షన్ దొరకడానికి 5. ప్రొసీజర్ మొదటి పిలుపుకి ఒక సెకను లోపు. మిగతాది పేజీ తయారవడానికి. అందరం వేలెత్తి చూపించిన ప్రొసీజర్ వాటా ఇరవయ్యో వంతు. పెద్ద మెషీన్ తీసుకుని ఉంటే? నిద్రలేవడం కాస్త చురుగ్గా ఉండేదేమో గానీ, నిద్ర నిద్రలాగే ఉండేది.

ముందు ఏది దిద్దాలి?

కారణాలు దొరికాక గబగబా సెట్టింగులు మార్చెయ్యబోయి ఆగాను. మాకు వచ్చిన అసలు నష్టం ఏమిటి? ఇరవై సెకన్లు కాదు. ఒక ఇంటి డబ్బు రెండుసార్లు పోవడం. సైట్‌ని ఎంత వేగంగా చేసినా ఏదో ఒక రోజు ఏదో ఒక కారణంతో నెమ్మదిస్తుంది. అప్పుడు ఎవరో మళ్ళీ రెండుసార్లు నొక్కుతారు. కోడ్ చూస్తే "ఈ పాప ఇప్పటికే చేరిందా?" అన్న తనిఖీ ఉంది. కానీ రెండు క్లిక్‌లూ ఒకేసారి మేలుకుని, ఒకదాని రాత పూర్తికాకముందే రెండోది చదివింది. రెండింటికీ "లేదు" అనే జవాబొచ్చింది.

కాబట్టి మొదటి మరమ్మతు డేటాబేస్‌లో ఒక నియమం: ఒక బిడ్డకి ఒక విద్యాసంవత్సరంలో ఒక్కటే నమోదు. టేబుల్ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టాను. ముందు నమోదు వరస పడితేనే కార్డు జోలికి వెళ్ళేలా క్రమం మార్చాను. రెండో క్లిక్ వచ్చినా డేటాబేసే ఒప్పుకోదు. బటన్ ఒకసారి నొక్కగానే మసకబారి "ఆగండి, నమోదు అవుతోంది" అని కనిపించేలా చేశాను.

ఆ తర్వాతే వేగం సంగతి. ఆటో క్లోజ్ ఆఫ్ చెయ్యడం ఒక్క వాక్యం పని. ఐఐఎస్‌లో ఆ 20 నిమిషాల గడువుని సున్నా చేసి, అప్లికేషన్ ఎప్పుడూ మేలుకుని ఉండేలా, తాజాపరుచుకున్నా వెంటనే తయారయ్యేలా పెట్టాను. ఆదివారం పొద్దున, రిజిస్ట్రేషన్ రోజుల్లోనూ, గంట ముందు ఒక షెడ్యూల్డ్ టాస్క్ హాజరు పేజీనీ, ఖాళీలు చూసే ప్రొసీజర్‌నీ ఒకసారి పిలుస్తుంది. మొదటి పిలుపు ఖర్చు ఎవరో ఒకరు భరించాలి కదా, అదేదో మనమే భరిస్తే పోయె. ఆ టాస్క్ చదువుతుందే గానీ ఏదీ రాయదు. అది మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

మీ డేటాబేస్ వేరేదైతే

ఇది చదివేవాళ్ళలో గుడి సైట్లు, సంఘాల సైట్లు చూసుకునేవాళ్ళు ఉంటారని తెలుసు. అందరి దగ్గరా ఎస్‌క్యూఎల్ సర్వరే ఉండదు. మొదటి పిలుపు అనే మాటకి ఒక్కో డేటాబేస్‌లో ఒక్కో అర్థం.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక కనెక్షన్ కోసం వేసిన ప్లాన్‌ని మిగతా కనెక్షన్లూ వాడుకోవచ్చు, కొన్ని సెట్టింగులు కలిస్తే. కలవకపోతే వేరే ప్లాన్ తయారవుతుంది. మేనేజ్‌మెంట్ స్టూడియోకీ డాట్‌నెట్ అప్లికేషన్‌కీ మామూలుగా ఉండే సెట్టింగుల్లోనే ఒక తేడా ఉంది. అందుకే "నా విండోలో వేగంగా ఉంది, సైట్‌లో నెమ్మది" అనే ఫిర్యాదు అంత ఎక్కువ. దీనిమీద స్వీడన్‌కి చెందిన ఎర్లాండ్ సొమ్మర్‌స్కాగ్ రాసిన పెద్ద వ్యాసం ఈ రంగంలోవాళ్ళు చాలామంది చదివిందే. ఇంకో మాట: ప్లాన్ వేసేటప్పుడు మొదటి పిలుపులో వచ్చిన విలువలనే సర్వర్ లెక్కలోకి తీసుకుంటుంది. నలుగురికి వండేలా వేసుకున్న ప్లాన్‌తో నాలుగు వేలమందికి వడ్డిస్తే కష్టమే. బడి పిల్లల లెక్క చిన్నది కాబట్టి మాకా బాధ లేదు.

పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్‌కీ విడిగా ఒక ప్రాసెస్ ఉంటుంది. ప్రొసీజర్ భాషలో రాసిన ఫంక్షన్‌ని ఒక్కో కనెక్షన్ తాను మొదటిసారి పిలిచినప్పుడు తానే చదివి అర్థం చేసుకోవాలి. పక్క కనెక్షన్ చేసిన పని దీనికి పనికిరాదు. మైఎస్‌క్యూఎల్‌లో స్టోర్డ్ ప్రొసీజర్లు 2005లో 5.0 వెర్షన్‌తో వచ్చాయి. అక్కడా దాచుకోవడం కనెక్షన్ వరకే. కనెక్షన్ పోతే అదీ పోతుంది. పేజీకో కొత్త కనెక్షన్ తెరిచే సైట్ ఐతే ప్రతి పిలుపూ మొదటి పిలుపే. దాని డాట్‌నెట్ కనెక్టర్ ప్రొసీజర్‌ని పిలిచే ముందు దాని పారామీటర్ల వివరాలు సర్వర్‌ని అడుగుతుంది. ఇటీవల వాడిన 25 ప్రొసీజర్ల వివరాలు గుర్తుపెట్టుకుంటుంది. మీ సైట్‌లో అంతకంటే ఎక్కువుంటే ఆ సంఖ్య పెంచుకోండి. ఈ రెండింటిలోనూ కనెక్షన్ పూల్ సరిగ్గా ఉండటమే సగం వైద్యం.

క్లౌడ్‌లో ఇంకో రకం నిద్ర ఉంది. అజ్యూర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లెస్‌లో పని లేనప్పుడు డేటాబేస్ తనంతట తాను ఆగేలా పెట్టుకోవచ్చు. ఆగి ఉన్నంతసేపూ నిల్వకి తప్ప డబ్బు పడదు. మళ్ళీ లేవడానికి నిమిషం దాకా పట్టొచ్చు. మొదట వచ్చినవాళ్ళకి ఎర్రర్ కూడా రావచ్చు, అప్లికేషనే కాసేపాగి మళ్ళీ ప్రయత్నించాలి. అది లోపం కాదు, డబ్బు మిగలడం కోసం మనం ఒప్పుకున్న బేరం. ఒప్పుకున్నామని గుర్తుంటే చాలు.

చివరికి

రెండు వారాల తర్వాత కమిటీలో నోటుపుస్తకం పెట్టి లెక్క చెప్పాను. పెద్ద మెషీన్ మాట పక్కన పెట్టారు. "ప్రీకంపైల్డ్ కాదంటారా?" అని ఆ పెద్దమనిషి అడిగారు. "1998 దాకా కొంతవరకు నిజమేనండీ" అన్నాను. ఆయన నవ్వి, "నేను నిన్నగాక మొన్న ఒక కుర్రాడిని ఇంటర్వ్యూలో ఇదే అడిగి, ఈ జవాబుకే మార్కులేశానమ్మా" అన్నారు. మా వారు మాత్రం లేని టేబుల్‌తో రాసిన ప్రొసీజర్ కళ్ళతో చూసేదాకా నమ్మలేదు.

ఆ నాన్నగారికి రెండో ఫీజు ఆ వారంలోనే తిరిగి పంపేశాం. జనవరిలో కొత్తగా చేరేవాళ్ళ నమోదు పెట్టినప్పుడు నేను అయిదున్నరకే లేచి లాగ్ ముందు కూర్చున్నాను. మొదటి నమోదు ఆరు దాటి నాలుగు నిమిషాలకి వచ్చింది. సెకను పట్టలేదు. ఒకామె రెండుసార్లు నొక్కారు కూడా. రెండోదాన్ని డేటాబేస్ ఒప్పుకోలేదు. ఆమెకి ఆ సంగతే తెలియదు.

మీ గుడి సైటో సంఘం సైటో పొద్దున మొదటివాళ్ళకి మాత్రమే నెమ్మదిస్తుంటే, మెషీన్ మార్చే ముందు ఒక సాయంత్రం కేటాయించండి. 2 నిమిషాలు, 10 నిమిషాలు, 40 నిమిషాల ఖాళీతో తలా మూడుసార్లు పేజీ తెరిచి, పట్టిన టైం కాగితం మీద రాసుకోండి. మెట్లుగా పెరిగితే అది నిద్ర జబ్బు, పెద్ద మెషీన్‌తో పోదు. కొలిచేటప్పుడు డేటాబేస్ విండో మూసి ఉంచడం మాత్రం మర్చిపోకండి.